సీలుకు దండం పెట్టొద్దు, సీలును చదువుదాం

మన దగ్గర కాయితం అడగని ఆఫీసు లేదు. పిల్లగాణ్ని బడిలో వెయ్యాలంటే కుల సర్టిఫికెట్. స్కాలర్‌షిప్ రావాలంటే ఆదాయం సర్టిఫికెట్. హాస్టల్ సీటుకు టీసీ, బోనఫైడ్. పింఛనుకు వయసు రుజువు. మన పుట్టుకకు సర్టిఫికెట్, మన పేదరికానికి సర్టిఫికెట్, మనం చచ్చినంక చచ్చినమని ఇంకో సర్టిఫికెట్. ఒక్కటి తక్కువైతే 'రేపు రా పో' అంటరు. ఇంత సర్టిఫికెట్ల రాజ్యంలో మనం ఎన్నడన్న ఒకరి ఎదురుంగ నిలబడి 'అయ్యా, నీ సర్టిఫికెట్ ఏది?' అని అడిగినమా? అడగలేదు. అడిగే అలవాటు మనకు లేదు. అడిగించుకునే అలవాటు వాళ్లకు లేదు. ఈ పక్షం మా మాట ఆ ఒక్క ప్రశ్న గురించే. ఆ ప్రశ్న ముందుగాల అడగవలసింది నోటరీని.

ఉద్యమ పత్రికలో నోటరీల ముచ్చట ఏందని కొందరు మిత్రులు అనవచ్చు. మేడ్చల్, శామీర్‌పేట దిక్కు మన వాడల్లో తిరిగినవాళ్లు ఆ మాట అనరు. 1985లో కారంచేడులో, 1991లో చుండూరులో మనవాళ్ల నెత్తురు పారింది. దేశమంతా చూసింది. ఇక్కడ నెత్తురు పారలేదు. వేలిముద్ర సిరా ఒలికింది, అంతే. సిరా ఒలికితే పేపర్లో వార్త రాదు, మంత్రి పరామర్శకు రాడు. కానీ పోయింది భూమే. కూలోళ్లమైంది మనమే.

ఈ ప్రాంతం ఎట్ల మారిందో అందరం చూస్తున్నం. 1998లో పెట్టిన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం శామీర్‌పేటలో ఉన్నది. తుర్కపల్లి దిక్కు జీనోమ్ వ్యాలీ కంపెనీలు లేచినయి. ఔటర్ రింగ్ రోడ్డు వచ్చింది. 2016 అక్టోబర్ 11న మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా అయింది. 2022 ఆగస్టు 17న అంతాయిపల్లిలో కొత్త కలెక్టరేట్ తెరిచిన్రు. జొన్న పండని చెలకకు సైతం గజాల లెక్కన ధర వచ్చింది. ఆ చెలకల్లో చాలావరకు ఎవరివి? భూమి లేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన లావుణి పట్టా భూములు ఎవరి చేతుల్లో ఉండె? మన తాతల చేతుల్లో. రాళ్లేరి, మొరం తవ్వి, కాస్తుకు తెచ్చిన భూములవి.

ఆ భూమి చేతులు మారిన పద్ధతి ఊరూరా ఒక్కటే. ఇంట్లో ఆడపిల్ల పెండ్లో, దవాఖాన ఖర్చో పడుతది. తెలిసిన మనిషే ఒకడు వస్తడు. 'భూమి నీ పేరు మీదనే ఉంటది, ఊరికె అగ్రిమెంట్ రాసుకుందాం' అంటడు. స్టాంపు కాయితం మీద ఇంగ్లీషులో ఏదో టైపు కొట్టిస్తరు. ముసలాయన వేలిముద్ర వేస్తడు. కోర్టు దగ్గర టేబులు మీద ధన్ ధన్ అని రెండు సీళ్లు పడతయి. 'ఇగ అయిపోయింది, నోటరీ అయింది' అంటరు. ఆ మాటతో ముసలాయన తన భూమి పోయిందనుకుంటడు. కొన్నవాడు తనకు వచ్చిందనుకుంటడు. అసలు విషయమేందంటే, చట్టం ప్రకారం ఈ ఇద్దరూ అనుకున్నది తప్పే.

కథ అక్కడితో ఆగదు. ఆ ఎకరం మీద కడీలు పాతుతరు. అరవై గజాలు, ఎనభై గజాలు, వంద గజాలు అని ముక్కలు చేస్తరు. కొనేది ఎవరు? పొట్ట చేత పట్టుకొని పాలమూరు నుంచి, మెదక్ నుంచి, నల్లగొండ నుంచి వచ్చిన తాపీ మేస్త్రీలు, ఫ్యాక్టరీల్లో పనిచేసే అన్నలు, ఇండ్లల్ల గిన్నెలు కడిగే అక్కలు. అంటే మళ్లా మనమే. చిట్టీ ఎత్తుకొని, పుస్తెలు కుదువపెట్టి కొంటరు. వాళ్ల చేతికి వచ్చేది కూడ అట్లాంటి కాయితమే, అట్లాంటి గుండ్రటి సీలే. అమ్మిన చివర మన తాత, కొన్న చివర మన తమ్ముడు. నడుమ లాభం తిన్న మనిషి పేరు ఏ కాయితం మీదా ఉండదు. పొద్దున్నే జేసీబీ వచ్చిననాడు ఈ ఇద్దరే ఒకరి మొఖం ఒకరు చూసుకుంటరు.

రిజిస్ట్రారాఫీసు ఉండంగ ఈ యాపారమంతా నోటరీ టేబులు మీద ఎందుకు నడుస్తున్నది? ఎందుకంటే రిజిస్ట్రారాఫీసు తలుపు మూసి ఉన్నది. అసైన్డ్ భూమి చేతులు మారొద్దని 1977లో చట్టం తెచ్చిన్రు. అదే అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం. ఆ చట్టం ఐదో సెక్షన్ ఇట్లాంటి భూమి దస్తావేజు రిజిస్ట్రేషన్ చెయ్యొద్దన్నది. 2007లో రిజిస్ట్రేషన్ చట్టానికి 22-ఏ అనే సెక్షన్ చేర్చి నిషేధిత భూముల జాబితా పెట్టిన్రు. 2020 ఆగస్టు 26 తర్వాత పర్మిషన్ లేని లేఔట్లలో ప్లాట్ల రిజిస్ట్రేషన్ కూడ ఆపిన్రు. కాబట్టి ఎక్కడ రిజిస్ట్రార్ 'కాదు' అంటడో, అక్కడ దలారి నోటరీ దగ్గరికి తోలుకపోతడు. నోటరీ టేబులు మీదికి వచ్చింది అంటేనే ఆ భూమికి ఏదో మెలిక ఉందని అర్థం. మనవాళ్లేమో దాన్ని రెండో రిజిస్ట్రారాఫీసు అనుకుంటున్నరు. మూసిన తలుపు పక్కన గోడకు తలుపు బొమ్మ గీసినట్టున్నది ఈ పని.

అయితే నోటరీ అంటే ఎవరు? ఆయన సీలుకు విలువ లేదా? విలువ ఉన్నది. దేనికి ఉన్నదో తెలుసుకోవాలె.

1952 నోటరీల చట్టం ప్రకారం నోటరీని కేంద్ర ప్రభుత్వం గానీ రాష్ట్ర ప్రభుత్వం గానీ నియమిస్తది. ఆయన పనులేందో ఎనిమిదో సెక్షన్ చెప్తది. కాయితం మీద సంతకం చేసిన మనిషి ఈయనే అని ధ్రువపరచడం. ప్రమాణం చేయించి అఫిడవిట్ తీసుకోవడం. ఒక భాష నుంచి ఇంకో భాషలోకి తర్జుమా చేసి అది సరైనదేనని చెప్పడం. ప్రామిసరీ నోట్లు, హుండీల వ్యవహారం. ఇట్లాంటివి ఉన్నయి. 'ఈ భూమి ఈయనదే' అని తేల్చే అధికారం ఆ చట్టంలో ఎక్కడా లేదు. నోటరీ సర్వే నంబరు మీదికి పోయి చూడడు. పహాణీ తిరగేయడు. నిషేధిత జాబితా వెతకడు. ఆయన సీలు చెప్పేది ఒక్కటే: ఫలానా తేదీన ఫలానా మనిషి నా ఎదురుంగ సంతకం పెట్టిండు.

బడి భాషలో చెప్తం. హాజరు పట్టీలో పిల్లగాని పేరు ముందర టిక్కు పెడ్తం. ఆ టిక్కు 'పిల్లగాడు ఇయ్యాల బడికొచ్చిండు' అని చెప్తది. పరీక్ష పాసైండని చెప్పదు. హాజరు పట్టీ చూపెట్టి ఎవరన్న పదో తరగతి మెమో ఇమ్మంటే ఇస్తమా? నోటరీ సీలు హాజరు పట్టీ అసుంటిది. రిజిస్ట్రేషన్ మెమో అసుంటిది. ఆ మెమో కూడ పరీక్ష నిజంగ రాసినప్పుడే చెల్లుతది.

ఇది మా సొంత వ్యాఖ్యానం కాదు. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం వంద రూపాయలు, ఆపైన విలువగల స్థిరాస్తి అమ్మకం రిజిస్టర్ కావలసిందే. కాకపోతే ఆ కాయితం ఆస్తి మీద హక్కు ఇయ్యదని 49వ సెక్షన్ చెప్తది. 2011 అక్టోబర్ 11న సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు కూడ ఈ సంగతే తేల్చింది. అమ్మకపు అగ్రిమెంటు, జీపీఏ, వీలునామా పేరు మీద చేసే అమ్మకాలతో యాజమాన్యం చేతులు మారదని చెప్పింది. నోటరీ సీలు ఒకటి కొట్టించినా, పది కొట్టించినా అంతే.

ఇప్పుడు మొదటి ప్రశ్న దగ్గరికి వద్దాం. అయ్యా, నీ సర్టిఫికెట్ ఏది?

నల్లకోటు వేసుకున్న ప్రతి మనిషీ నోటరీ కాడు. 1956 నోటరీల రూల్స్ ప్రకారం మామూలుగా పదేండ్లు వకీలుగా పనిచేసి ఉండాలె. ఎస్సీ, ఎస్టీ, బీసీ వకీళ్లకు ఏడేండ్లు చాలు. మహిళలకు కూడ ఏడేండ్లే. నియమించిన ప్రభుత్వం ఆయన పేరు రిజిస్టర్లో ఎక్కించి, ప్రాక్టీసు సర్టిఫికెట్ ఇస్తది. ఆ సర్టిఫికెట్‌లో ఆయన ఏ ప్రాంతంలో పని చెయ్యొచ్చో రాసి ఉంటది. దానికి ఐదేండ్ల గడువు. గడువు దాటితే రెన్యువల్ చేయించుకోవాలె. అంటే మన డ్రైవింగ్ లైసెన్సు లెక్కనే దానికీ పుట్టిన తేదీ ఉన్నది, చచ్చే తేదీ ఉన్నది. లైసెన్సు లేని ఆటో తమ్ముణ్ని చౌరస్తాలో ఆపి జరిమానా వేస్తరు. గడువు తీరిన నోటరీ సీలును ఆపి చూసేటోడు ఏ చౌరస్తాలోనూ లేడు.

సీలు ఎట్ల ఉండాలో కూడ రూల్స్‌లో ఉన్నది. గుండ్రంగ, ఐదు సెంటీమీటర్ల అడ్డంతో ఉండాలె. అందులో నోటరీ పేరు, ఆయన ప్రాంతం, రిజిస్ట్రేషన్ నంబరు, 'నోటరీ' అన్న మాట, నియమించిన ప్రభుత్వం పేరు ఉండాలె. ఈ ఐదింట్లో ఏది లేకున్నా అనుమానించాలె. పేరు కనపడకుండ అలికినట్టు కొట్టిన సీలును అసలే ఒప్పుకోవద్దు. ఫీజుల పట్టీ ఆఫీసు లోపలా బయటా అందరికీ కనపడేటట్టు పెట్టాలని రూల్ ఉన్నది. మన దగ్గర ఎన్ని టేబుళ్ల ముందర ఆ పట్టీ ఉన్నదో ఈ వారం మీరే పోయి చూడండి. మనిషి మొఖం చూసి, చెప్పుల రకం చూసి రేటు చెప్పుడు రూల్ కాదు.

అన్నిటికన్న ముఖ్యమైనది నోటరీ రిజిస్టరు. తాను చేసిన ప్రతి పనినీ నోటరీ వరుస నంబరుతో, తేదీతో, మనిషి పేరు చిరునామాతో అందులో ఎక్కించాలె. ఆ రిజిస్టరును జిల్లా జడ్జి గానీ ప్రభుత్వం చెప్పిన అధికారి గానీ తనిఖీ చెయ్యొచ్చు. ప్రతి ఏడూ జనవరిలో నోటరీ తన లెక్క ప్రభుత్వానికి పంపాలె. ప్రభుత్వం కూడ జనవరి నెలలోనే పనిలో ఉన్న నోటరీల జాబితాను గెజిట్‌లో అచ్చెయ్యాలని చట్టం ఆరో సెక్షన్‌లో ఉన్నది. కేంద్రం నియమించిన నోటరీల పని కోసం 2024లో ఒక పోర్టల్ కూడ పెట్టిన్రు. ఇన్ని దారులు ఉన్నయి. మన వాడకు ఒక్క దారి కూడ చేరలేదు. గెజిట్ ఏ వాడ చావడిలో వేలాడుతున్నది?

అందుకని మా పాఠకులకు చెప్పేదేందంటే, నోటరీ టేబులు ముందర నిలబడ్డప్పుడు ఐదు మాటలు అడగండి. మీ సర్టిఫికెట్ గడువు ఎప్పటిదాకా? మీ ప్రాంతంలో మా మండలం ఉన్నదా? రిజిస్టర్లో ఈ కాయితం నంబరెంత? ఫీజు ఎంత, రసీదు ఇస్తరా? ఈ కాయితంలో ఏమున్నదో మాకు తెలుగులో చదివి చెప్తరా? ఈ ఐదూ అడిగితే మంచి నోటరీ కోపం చెయ్యడు. కోపం చేసిండంటే అక్కడి నుంచి లేచి రండి. మనిషి ఎదురుంగ లేకుంటే సీలు వెయ్యొద్దు. ముందే సంతకం చేసి సీలు కొట్టి పెట్టుకున్న ఖాళీ కాయితాలు కనపడితే అది నేరం వాసన. నోటరీ కాకుండ నోటరీనని చెప్పుకున్నవాడికి జైలుశిక్ష ఉన్నదని ఆ చట్టం 12వ సెక్షన్‌లోనే ఉన్నది.

నిజం నోటరీ అయ్యుండి తప్పు చేస్తే? నియమించిన ప్రభుత్వానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యొచ్చు. విచారణ జరిపి తప్పు రుజువైతే రిజిస్టర్ నుంచి పేరు తీసేసే అధికారం ప్రభుత్వానికి ఉన్నది. అయితే ఇక్కడొక గమ్మత్తు చూడండి. నోటరీ తన పని చేస్తూ చేసిన నేరం మీద కోర్టు కేసు తీసుకోవాలంటే ప్రభుత్వం అధికారమిచ్చిన ఆఫీసరే ఫిర్యాదు చెయ్యాలని 13వ సెక్షన్ అంటది. వేలిముద్ర వేసిన ముసలాయన మీద కేసు ఎవడైనా పెట్టొచ్చు. ఆ వేలిముద్ర పక్కన సీలు వేసినాయనకు మాత్రం గొడుగు ఉన్నది. ఎవరి నెత్తి మీద గొడుగు పడుతదో, ఎవరు వానకు తడుస్తరో ఈ దేశపు చట్టాల్లో వెతకనక్కర లేకుండనే దొరుకుతది.

నోటరీలందరూ దొంగలని మేం అనడం లేదు. పిల్లల పేరు మార్పుకు, స్కాలర్‌షిప్ అఫిడవిట్‌కు, పింఛను కాయితానికి రోజూ నిజాయితీగా సీలు వేసి, తీసుకోవలసినంతే తీసుకునే పెద్దమనుషులు ఉన్నరు. మా కోపం ఆ సీలును తాళంచెవి లెక్క వాడుకొని మన భూములు తెరుచుకున్న దలారుల మీద. ఆ దలారికి సీలు అద్దెకిచ్చిన చేతి మీద.

ఇప్పుడు అమ్ముకున్న కుటుంబాలకు ఒక మాట. 'ఎప్పుడో మా నాయన అమ్మిండు, నోటరీ కూడ అయింది, ఇగ మాదేముంది' అని మన వాడల్లో అంటరు. ఆగండి. 1977 చట్టం మూడో సెక్షన్ ప్రకారం అసైన్డ్ భూమి అమ్మకమే చెల్లదు. కాబట్టి భూమి చట్టం దృష్టిలో ఆ కొన్నవాడికి పోలేదు. నాలుగో సెక్షన్ ప్రకారం కలెక్టరు గానీ ఆయన అధికారమిచ్చిన ఆఫీసరు గానీ కొన్నవాణ్ని ఖాళీ చేయించి, ఆ భూమిని అసలు అసైనీకి గానీ వారసులకు గానీ తిరిగి అప్పజెప్పవచ్చు. అట్ల ఒక్కసారే ఇస్తరు. మళ్లా అమ్మితే ప్రభుత్వం గుంజుకుంటది. తెలిసి కొన్నవాడికి ఆరు నెలల దాకా జైలు అని ఆ చట్టంలోనే రాసిన్రు. ఒక ముఖ్యమైన సంగతి కూడ గుర్తుంచుకోవాలె: పట్టా ఏ తేదీది, ఏ షరతుతో ఇచ్చిన్రు అన్నది ముందుగాల చూడాలె. 1958 జులై 25 నాటి జీవో 1406 తర్వాత ఇచ్చిన పట్టాల్లో అమ్మొద్దన్న షరతు వచ్చింది. అంతకుముందటి లావుణి పట్టాల లెక్క వేరు. తాత పట్టా కాయితం పెట్టె అడుగు నుంచి తీసి తేదీ చదవండి.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కూడ మన చేతిలో ఉన్నది. 1989 చట్టాన్ని 2015లో సవరించినంక, మన భూమిని అక్రమంగ ఆక్రమించుడు, మనల్ని భూమి నుంచి వెళ్లగొట్టుడు మూడో సెక్షన్‌లో నేరాలుగా ఉన్నయి. భయపెట్టి ఒప్పించినా, రికార్డు తారుమారు చేసినా అక్రమమే అని అక్కడ వివరణ కూడ రాసిన్రు. ముసలాయన వేలిముద్రను ఖాళీ కాయితం మీద వేయించుకొని పైన టైపు కొట్టించినవాడు ఆ వివరణలోకి ఎందుకు రాడో పోలీసులే చెప్పాలె.

చట్టం ఇంత చెప్తున్నా భూమి ఎందుకు తిరిగి రాదు? అప్పజెప్పే బదులు ప్రభుత్వమే వెనక్కి తీసుకునేందుకు కూడ ఆ సెక్షన్‌లోనే సందు ఉన్నది. అసైనీకి ఇచ్చుడు వీలుకాదంటే ప్రభుత్వం తీసుకొని వేరే పేదలకు ఇయ్యాలంటది. వేరే పేదలెవరో కనపడరు, వెంచర్లు కనపడతయి. 'అమ్ముకున్నరు గదా, మళ్లా ఎందుకియ్యాలె' అని ఆఫీసుల్లో మనల్నే నిలదీస్తరు. ఆకలికి వేలిముద్ర వేసినాయన నేరస్తుడైతే, ఆ ఆకలిని రేటు కట్టి కొన్నాయన ఎవరు? 2004లో వేసిన కోనేరు రంగారావు భూ కమిటీ 2006లో 104 సిఫారసులతో నివేదిక ఇచ్చింది. పేదల భూములు ఎట్ల చేజారినయో, ఎట్ల తిరిగి ఇప్పించాలో చెప్పిన కమిటీ అది. ప్రభుత్వాలు మారినయి. ఆ సిఫారసుల దుమ్ము మాత్రం ఇంకా పూర్తిగా దులపలేదు.

కొన్న తమ్ముని సంగతేంది? అరవై గజాల మీద రేకుల ఇల్లేసుకున్న కూలీ కుటుంబాన్ని రోడ్డు మీద వేసి అసైనీకి న్యాయం చేసినమనుకుందామా? అట్ల అనుకోలేం. 2023 జులైలో తెలంగాణ ప్రభుత్వం జీవో 84 తెచ్చింది. పట్టణ ప్రాంతాల్లో నోటరీ కాయితాల మీద ఉన్న వ్యవసాయేతర ఆస్తులను క్రమబద్ధం చేస్తమన్నది. 125 గజాల దాకా స్టాంపు డ్యూటీ వద్దన్నది. నోటరీ కాయితం మీద బతుకులు ఎంతమందివి నిలబడి ఉన్నయో సర్కారే ఒప్పుకున్నట్టు. కానీ దరఖాస్తుకు గడువు పెట్టిన్రు, అది దాటింది. ప్రభుత్వ భూమి, అసైన్డ్ భూమి కాయితాలకు ఆ దారి అసలే పనికిరాదు. ఎక్కువ అవసరమున్నోడు మళ్లా గీత బయటనే నిలబడ్డడు. మా మాట స్పష్టం: అసలు అసైనీకి భూమి గానీ దాని పూర్తి విలువ గానీ రావాలె. ఇల్లు కట్టుకున్న పేదకు ఇంటి జాగ హక్కు రావాలె. ఈ రెండింటి ఖర్చూ నడుమ లాభం తిన్నవాడి దగ్గర వసూలు చెయ్యాలె. ఇద్దరు పేదలను కొట్లాటకు పెట్టి నడుమోణ్ని ఇంటికి పంపే న్యాయాన్ని మేం ఒప్పుకోం.

చివరికి అసలు ముచ్చట. కలం ఎవరి చేతిలో ఉన్నది?

పట్వారీ కలం మన తాతల వీపు మీద నడిచింది. 1984లో పటేల్ పట్వారీ వ్యవస్థ పోయింది. తర్వాత వచ్చిన వీఆర్వోలను 2020లో తీసేసిన్రు. ఆ ఏడాది అక్టోబర్ 29న ఇదే శామీర్‌పేట దిక్కున మూడుచింతలపల్లిలో ధరణి పోర్టల్ ప్రారంభించిన్రు. 2025 ఏప్రిల్ 14న, బాబాసాహెబ్ జయంతి నాడు, దాని స్థానంలో భూభారతి వచ్చింది. కలం పోయి కంప్యూటర్ వచ్చింది, ఒక పేరు పోయి ఇంకో పేరు వచ్చింది. మారనిది ఒక్కటే. రాసేది వాళ్లు, వేలిముద్ర మనది.

నోటరీ అయ్యే దారి చూడండి. ఏడేండ్ల వెసులుబాటు మనకు ఉన్నది, బాగానే ఉన్నది. కానీ దరఖాస్తు మీద ఎవరెవరు సంతకం చెయ్యాలో ఆ రూల్స్‌లోనే ఉన్నది: ఒక మేజిస్ట్రేటు, ఒక జాతీయ బ్యాంకు మేనేజరు, ఒక వ్యాపారి, ఆ ప్రాంతంలో ఇద్దరు ప్రముఖ నివాసులు. ఊర్లో ప్రముఖుడంటే ఎవరు? నలభై ఏండ్లు డప్పు కొట్టి ఊరికంతటికీ కబురు చేరవేసిన మాదిగ పెద్దాయన ప్రముఖ నివాసి కిందికి వస్తడా? ఊరి నీళ్లు పారించిన నీరటి మాల తాత వస్తడా? చట్టం కులం పేరు ఎత్తలేదు. ఎత్తనక్కరలేదు. 'ప్రముఖ' అన్న మాట చాలు. మన వాడ నుంచి మొదటిసారి లా చదివిన పిల్ల ఏడేండ్లు సీనియర్ దగ్గర చాలీచాలని పైసలతో బస్సు కిరాయి పెట్టుకొని తిరగాలె. ఆ తర్వాత ఊరి ప్రముఖుని గడప తొక్కి సంతకం అడగాలె. ఎవరి భూమి కాయితాల మీద ఆ పిల్ల రేపు ప్రశ్నలు అడుగుతదో, ఆ ప్రముఖుడే ఇయ్యాల ఆమె దరఖాస్తు మీద సంతకం పెట్టాలె.

శామీర్‌పేటలో న్యాయ విశ్వవిద్యాలయం ఉన్నది. దాని గోడకు ఇవతల ఊర్లలో నోటరీకీ రిజిస్ట్రేషన్‌కూ తేడా తెలియక భూములు పోతున్నయి. ఈ దూరం కిలోమీటర్లలో కొలిచేది కాదు. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండ ఉచిత న్యాయసహాయం ఇయ్యాలని 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్‌లో ఉన్నది. ఆ హక్కు అడుక్కునేది కాదు, పోయి తీసుకునేది.

కనుక మా డిమాండ్లు ఇవి. ఒకటి, ప్రతి జనవరిలో నోటరీల జాబితాను పేరు, ప్రాంతం, గడువు తేదీతో సహా తెలుగులో అచ్చేసి మేడ్చల్, శామీర్‌పేట తహశీల్ ఆఫీసుల్లో, రిజిస్ట్రారాఫీసుల్లో, ఊరూరా అతికించాలె. రెండు, ఈ జిల్లాలో నోటరీల రిజిస్టర్లు తనిఖీ చేసి, నిషేధిత జాబితాలో ఉన్న సర్వే నంబర్ల మీద ఎన్ని అమ్మకపు అగ్రిమెంట్లకు సీలు పడ్డదో లెక్క బయట పెట్టాలె. మూడు, అసైన్డ్ భూమి అమ్మకపు కాయితానికి ఏ నోటరీ సీలు వెయ్యకుండ ఆదేశాలు ఇయ్యాలె. నాలుగు, నాలుగో సెక్షన్ కింద భూమిని ముందు వారసులకు అప్పజెప్పాలె, ఇల్లు కట్టుకున్న పేదకు ఇంటి జాగ చూపించాలె. ఐదు, ఈ రాష్ట్రంలో నోటరీల్లో దళితులు ఎందరు, ఆదివాసీలు ఎందరు, మహిళలు ఎందరు లెక్క చెప్పాలె. 'ప్రముఖ నివాసుల' సంతకం నిబంధన తీసెయ్యాలె.

ప్రభుత్వం చేసేదాకా మనం ఊకుండేది లేదు. ప్రతి వాడలో, అంబేద్కర్ సంఘం గద్దె మీద, ఒక నియమం పెట్టుకుందాం. వాడలో ఎవరు ఏ కాయితం మీద వేలిముద్ర వెయ్యాలన్నా ముందు ఆ కాయితం మన పిల్లలు నలుగురి ఎదుట బయటికి చదవాలె. ఇంగ్లీషులో ఉంటే తెలుగులో చెప్పించుకోవాలె. ఒక నకలు మన దగ్గర ఉంచుకోవాలె. నోటరీ పేరు, నంబరు, గడువు ఒక నోటు పుస్తకంలో రాసుకోవాలె. తాతల పట్టాలు, నాయనల అగ్రిమెంట్లు బయటికి తీసి ఆ పుస్తకంలోనే తేదీలతో ఎక్కించాలె. ఖర్చు ఒక నోటు పుస్తకం, ఒక పెన్ను. మనం ఇన్నేండ్లు మన సర్టిఫికెట్లు చూపెట్టినం. ఇగ వాళ్లవి చూద్దాం.

జై భీమ్!